స్ట్రక్చరల్ ఆఫీసులో బిమ్: విశాఖ ఇంజనీర్లకు అడుగడుగు మార్గదర్శి

స్టిల్ట్ (కింద పార్కింగుకు వదిలే అంతస్తు) మీద 5 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒక బీమ్ లోతు 450 నుంచి 600 మి.మీ.కి మారిందనుకోండి. ఆటోక్యాడ్‌తో నడిచే ఆఫీసులో ఆ మార్పును బీమ్ లేఅవుట్‌లో, బీమ్ షెడ్యూల్‌లో, సెక్షన్‌లో, కాంక్రీటు లెక్కలో, బార్ బెండింగ్ షెడ్యూల్‌లో (కడ్డీల కొలతలు, వంపుల పట్టికలో), మొత్తం అయిదు చోట్ల చేత్తో దిద్దాలి. నాలుగు దిద్ది ఒకటి మరిచిపోతే ఆ సంగతి సెంట్రింగ్ కొట్టాకే తెలుస్తుంది. బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, అంటే బిమ్, స్ట్రక్చరల్ ఇంజనీరుకు చేసే మేలు ఇక్కడే ఉంది. బీమ్ ఒకచోట మారితే దాన్నుంచి పుట్టిన ప్లాను, సెక్షను, షెడ్యూలు, పరిమాణం అన్నీ దానితోపాటే మారతాయి. త్రీడీ బొమ్మ చూడ్డానికి బాగుంటుంది, క్లయింటు సంతోషిస్తాడు, అది వేరే లాభం.

అందుకే మొదట్నుంచీ ఆఫీసులో ఒక్క కట్టుబాటు పెట్టుకోండి: షీటు మీద దిద్దకూడదు, మోడల్‌లోనే దిద్దాలి. ఎంత అర్జెంటైనా సరే. కింద చెప్పే ఏర్పాట్లన్నీ ఈ కట్టుబాటు నిలబడటానికే. ద్వారకానగర్‌లోనో సిరిపురంలోనో ఇద్దరు ఇంజనీర్లు, ముగ్గురు డ్రాఫ్ట్స్‌మెన్‌తో నడిచే ఆఫీసును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

1. ముందు ప్రాజెక్టు, తర్వాతే లైసెన్సు

చాలా ఆఫీసులు లైసెన్సు కొని, రెండు వారాలు ట్రైనింగ్ ఇప్పించి, ఆ తర్వాత ఏ పనికి వాడాలా అని వెతుక్కుంటాయి. ఈలోగా ఒక అర్జెంటు పని వస్తుంది, అందరూ మళ్ళీ ఆటోక్యాడ్ తెరుస్తారు, చందా కాలం గడిచిపోతుంది. ముందు ప్రాజెక్టును పట్టుకోండి.

మొదటి ప్రాజెక్టుకు స్టిల్ట్ ప్లస్ 5 అపార్ట్‌మెంట్ సరిగ్గా సరిపోతుంది. ఫ్లోర్లు ఒకేలా ఉంటాయి, లిఫ్టు, మెట్లు, సంప్, సంకెన్ స్లాబ్ (టాయిలెట్ల దగ్గర కిందికి దించిన స్లాబు) అన్నీ ఒక్కోటి చొప్పున తగులుతాయి. పునాది డ్రాయింగ్ ఇవ్వడానికి కనీసం ఆరేడు వారాల గడువుండాలి. ఆర్కిటెక్టు మీకు బాగా తెలిసినవారైతే ఇంకా మంచిది, ఎందుకంటే మీరు అడిగే ప్రశ్నలు ఈసారి ఎక్కువగా ఉంటాయి. ఎండాడ వైపు కొండవాలు మీద విల్లాలతో మొదలుపెట్టకండి. ఒక్కో ఫుటింగ్ ఒక్కో లెవెల్‌లో ఉండే పనిలో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం, డిజైన్ చేయడం రెండూ చెడతాయి.

తర్వాత ఒక కాగితం మీద మోడల్ నుంచి ఏమేం బయటికి రావాలో రాయండి. మొదటిసారికి నాలుగు చాలు: కాలమ్, ఫుటింగ్ లేఅవుట్; ఫ్లోరు వారీగా షట్టరింగ్ డ్రాయింగ్; కాలమ్, బీమ్, స్లాబ్ షెడ్యూళ్ళు; గ్రేడ్ వారీగా కాంక్రీటు పరిమాణం. బార్ బెండింగ్ షెడ్యూల్ ఈసారికి పాత పద్ధతిలోనే తీయండి. మోడల్ ఎంత వివరంగా ఉండాలన్నది ఎల్ఓడీ (లెవెల్ ఆఫ్ డెవలప్‌మెంట్) అంకెల్లో చెప్పుకోవడం వాడుక. సైజు, స్థానం కచ్చితంగా ఉంటే 300. పక్క పనులతో కలిసే చోట్లు, ఓపెనింగులు కూడా ఉంటే 350. ఫ్యాబ్రికేషన్‌కు పనికొచ్చే వివరముంటే 400. అపార్ట్‌మెంట్ స్ట్రక్చర్‌కు 300 పెట్టుకుని, టాయిలెట్ షాఫ్టులు, లిఫ్టు చుట్టూ మాత్రం 350 చేయండి. అంతా 400 కావాలని క్లయింటు అడిగితే ఎందుకోసమో అడగండి. సమాధానం లేకపోతే ఆ మాట ఒప్పందంలో రాయనివ్వకండి.

2. సాఫ్ట్‌వేర్, కంప్యూటర్లు, సర్వరు

ఆర్‌సీసీ భవనాలే మీ ప్రధాన పని అయితే రెవిట్ అనే బిమ్ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. ఆర్కిటెక్టులు, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) వాళ్ళు ఎక్కువగా దానిలోనే ఉంటారు. ఆటోనగర్, పరవాడ, అచ్యుతాపురం వైపు స్టీలు షెడ్లు, పైపు ర్యాకులు ఎక్కువ చేసేవారికి టెక్లా స్ట్రక్చర్స్ మేలు. బోల్టు, గసెట్ ప్లేటు వరకు కనెక్షన్ అందులో తయారవుతుంది, ఫ్యాబ్రికేషన్ డ్రాయింగ్ నేరుగా వస్తుంది. రెండూ ఒకే ఏడాది మొదలుపెట్టకండి.

రెవిట్ కొనేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. రెవిట్ ఎల్‌టీ చౌకే గాని అందులో వర్క్‌షేరింగ్ లేదు, అంటే ఇద్దరు ఒకే మోడల్‌లో ఒకేసారి పని చేయలేరు. రెండోది, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు, వెనక్కి సేవ్ చేసే దారీ లేదు. కాబట్టి ఆర్కిటెక్టు, ఎంఈపీ, మీరు ముగ్గురూ ఏ వెర్షన్‌లో ఉంటారో ప్రాజెక్టు మొదట్లోనే ఈమెయిల్లో రాసుకుని, చివరిదాకా మార్చకండి. ఒక డ్రాఫ్ట్స్‌మన్ తెలియక కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేస్తే ఆ రోజు పని మొత్తం పాత బ్యాకప్ నుంచి మళ్ళీ చేసుకోవాలి.

కంప్యూటరుకు 32 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఒక్కో కోర్ వేగం ఎక్కువున్న ప్రాసెసరు తీసుకోండి. మోడల్‌ను కదిపే పని చాలావరకు ఒకే కోర్ మీద నడుస్తుంది కాబట్టి కోర్ల సంఖ్య కోసం డబ్బు పోయడం దండగ. సెంట్రల్ ఫైలు, అంటే అందరూ కలిసి పనిచేసే అసలు మోడల్, ఆఫీసు సర్వరులో ఉండాలి, కంప్యూటర్లన్నీ గిగాబిట్ కేబులుతో దానికి కలవాలి. వైఫై మీద సింక్ (మీ మార్పులను సెంట్రల్ ఫైలుకు కలపడం) చేయకండి. సెంట్రల్ ఫైలును గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ ఫోల్డర్లలో అస్సలు పెట్టకండి. ఇద్దరు ఒకేసారి సేవ్ చేసినప్పుడు ఆ ఫోల్డరు రెండు కాపీలు తయారుచేస్తుంది, ఎవరి దగ్గర ఏ ఎలిమెంట్ ఉందన్న లెక్క చెడి మోడల్ పాడవుతుంది. ప్రతి కంప్యూటరుకూ, సర్వరుకూ, నెట్‌వర్క్ స్విచ్‌కూ యూపీఎస్ ఉండాలి. స్విచ్‌ను చాలామంది మరిచిపోతారు. కరెంటు పోయినప్పుడు సర్వరు బతికి ఉన్నా సింక్ మధ్యలో తెగిపోతుంది.

3. టెంప్లేట్: ఇక్కడ రెండు వారాలు పెట్టండి

సాఫ్ట్‌వేర్‌తో వచ్చే టెంప్లేట్‌లో మన సైజులుండవు, మన గ్రేడ్లుండవు, మన కవర్లు (కడ్డీ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) ఉండవు. దానితోనే మొదలుపెడితే ప్రతి ప్రాజెక్టులోనూ అవే తప్పులు మళ్ళీ దిద్దుకోవాలి. ఆఫీసులో కోడ్ తెలిసిన ఇంజనీరు, డ్రాయింగ్ బాగా తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్ ఇద్దరూ కలిసి కూర్చుని దీన్ని తయారుచేయాలి. ఒక్కరికే వదిలేస్తే ఒక వైపే బాగుంటుంది.

ఫ్యామిలీలు (సైజు మార్చి మళ్ళీ మళ్ళీ వాడుకునే మూసలు): 230 మి.మీ., 300 మి.మీ. వెడల్పులో మీరు రోజూ వాడే కాలమ్, బీమ్ సైజులన్నీ ముందే టైపులుగా చేసి పెట్టండి. పేరులోనే సైజు ఉండాలి, ఉదాహరణకు కాలమ్ 300×600. వాలు ఫుటింగ్‌ను ఒకసారి సరిగ్గా ఫ్యామిలీగా తయారుచేసుకుంటే అంచు మందం, మొత్తం లోతు, పెడెస్టల్ సైజు పారామీటర్లుగా మార్చుకోవచ్చు. దాన్ని బల్లపరుపు బ్లాకుగా మోడల్ చేస్తే కాంక్రీటు లెక్క ఎక్కువ వస్తుంది, కాంట్రాక్టరు మొదటి బిల్లు దగ్గరే గొడవ.

మెటీరియల్: ఎం25, ఎం30, ఎం35 వేర్వేరుగా పెట్టండి. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం సముద్రతీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటు ‘సివియర్’ కిందికి వస్తుంది. దానికి కనీస గ్రేడ్ ఎం30, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 మించకూడదు, నామినల్ కవర్ 45 మి.మీ. సముద్రపు తుంపర పడే చోటు ‘వెరీ సివియర్’: ఎం35, కవర్ 50 మి.మీ. ఎం35, ఆపై గ్రేడ్లు వాడితే ఈ రెండింటిలోనూ 5 మి.మీ. తగ్గించుకోవచ్చు. రుషికొండ, బీచ్ రోడ్డు సైట్లకూ ఊరి లోపలి సైట్లకూ ఒకే కవర్ పెట్టకూడదన్నది అందరికీ తెలిసిందే, అయినా టెంప్లేట్‌లో ఒకటే ఉంటే చివరికి షీటు మీదికి అదే వెళ్తుంది. రీబార్ కవర్ సెట్టింగ్స్‌లో ఉన్న పాత విలువలన్నీ తీసేసి ‘సివియర్ 45’, ‘వెరీ సివియర్ 50’, ‘ఫుటింగ్ 50’ అని పేర్లతో పెట్టండి. పేరులో వాతావరణం ఉంటే తప్పుడు ఎంపిక కంటికి కనిపిస్తుంది.

ల్యాప్ (కడ్డీ మీద కడ్డీ అతుకు) పట్టిక: ఎఫ్ఈ500 కడ్డీకి డెవలప్‌మెంట్ పొడవు (కాంక్రీటులో పట్టు దొరకడానికి కావాల్సిన పొడవు, ల్యాప్ దీన్నుంచే వస్తుంది) ఎం25లో వ్యాసానికి సుమారు 49 రెట్లు, ఎం30లో 45 రెట్లు. 16 మి.మీ. కడ్డీకి ఎం25లో దాదాపు 780, ఎం30లో 725 మి.మీ. వస్తుంది. గ్రేడ్ మారితే ల్యాప్ మారాలి. పాత జనరల్ నోట్స్ నుంచి కాపీ కొట్టిన ఒకే అంకెను అన్ని ప్రాజెక్టులకూ తిప్పకండి.

లెవెళ్ళు: స్ట్రక్చరల్ స్లాబ్ లెవెల్, ఫినిష్డ్ ఫ్లోర్ లెవెల్ రెండూ వేరు. మీ మోడల్‌లో లెవెల్ అంటే స్ట్రక్చరల్ స్లాబ్ పైభాగమే అని తీర్మానించుకుని, పేరు చివర ఎస్ఎస్ఎల్ అని పెట్టండి. ఆర్కిటెక్టు లెవెల్ ఎఫ్ఎఫ్ఎల్. ఈ రెంటి మధ్య 50 మి.మీ.నో 75 మి.మీ.నో ఉండే తేడా ఎవరూ రాసుకోకపోతే మెట్ల చివరి రైజర్ దగ్గర బయటపడుతుంది, అప్పటికి వెయిస్ట్ స్లాబ్ పోసేసి ఉంటారు.

షీట్లు: 2.5 మి.మీ. అక్షరం, ఏ1 షీటు, ప్లాన్లు 1:100 లేదా 1:50, డీటెయిల్స్ 1:20. సైటులో మేస్త్రి, బార్ బెండర్ చదివే నోట్సును తెలుగులో కూడా పెట్టండి. ‘ఈ స్లాబుకు కవర్ బ్లాకులు 45 మి.మీ.’ అని తెలుగులో ఉన్న షీటును సైటులో ఎవరికీ అనువదించి చెప్పక్కర్లేదు. విండోస్‌తో వచ్చే నిర్మల ఫాంటు వాడి, ఒక పీడీఎఫ్ తీసి ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా వస్తున్నాయో లేదో మొదట్లోనే చూసుకోండి.

4. కోఆర్డినేట్లు: మొదటి గంటలో చేసే తప్పు చివరిదాకా వెంటాడుతుంది

సర్వేయరు టోటల్ స్టేషన్‌తో తీసిన ఫైలు వస్తుంది. అది యూటీఎంలో (ప్రపంచాన్ని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతిలో) ఉంటే విశాఖ 44వ ఉత్తర జోన్‌లో పడుతుంది. ఈస్టింగ్ 7 లక్షల మీటర్ల పైన, నార్తింగ్ 19 లక్షల మీటర్ల పైన ఉంటుంది. రెవిట్‌లో మోడల్ అంతర్గత మూలబిందువు నుంచి 16 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఆ ఫైలును ఉన్నదున్నట్టు తెచ్చి దాని మీదే గ్రిడ్లు గీస్తే మోడల్ వందల కిలోమీటర్ల దూరంలో పడుతుంది. గీతలు వణుకుతాయి, కొలతలు పక్కకు జరుగుతాయి, హ్యాచ్ చెదురుతుంది, స్నాప్ సరిగ్గా పట్టదు. కారణం తెలియక గ్రాఫిక్స్ కార్డును తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఇలా చేయండి:

1. సర్వే ఫైలును ఆటోక్యాడ్‌లో తెరిచి, యూనిట్ మీటరా మిల్లీమీటరా చూడండి. సర్వేయర్లు మీటర్లలో, ఆర్కిటెక్టులు మిల్లీమీటర్లలో గీస్తారు. లింక్ చేసేటప్పుడు యూనిట్‌ను ‘ఆటో’కు వదలకుండా మీరే ఎంచుకోండి. తెలిసిన ఒక కొలత, అంటే రోడ్డు వెడల్పో ప్లాటు ముందు భాగమో, కొలిచి సరిచూడండి.
2. గ్రిడ్ ఏ, గ్రిడ్ 1 కలిసే బిందువును ఉమ్మడి బిందువుగా ఆర్కిటెక్టుతో మాట్లాడి ఖాయం చేసుకోండి.
3. ఆర్కిటెక్టు ప్లాను కాపీ తీసుకుని ఆ బిందువు 0,0 దగ్గరికి వచ్చేలా జరిపి, సేవ్ చేసి, దాన్నే లింక్ చేయండి. ఇంపోర్ట్ చేయకండి. ఇంపోర్ట్ చేసిన క్యాడ్ ఫైలు లేయర్లను, లైన్ టైపులను మోడల్‌లోకి తెచ్చి చెత్త పోగుచేస్తుంది, పైగా ప్లాను మారినప్పుడు దానంతట అది మారదు.
4. మోడల్‌ను ఆ 0,0 చుట్టూనే కట్టండి. తర్వాత ‘స్పెసిఫై కోఆర్డినేట్స్ ఎట్ పాయింట్’ ఆదేశంతో ఆ బిందువుకు సర్వేయరిచ్చిన ఈస్టింగ్, నార్తింగ్, సముద్రమట్టం నుంచి ఎత్తు, నిజమైన ఉత్తర దిక్కుకు కోణం ఇవ్వండి. మోడల్ కదలదు, దాని చిరునామా మాత్రం నమోదవుతుంది.
5. కోఆర్డినేట్లకు యజమాని ఒక్కరే ఉండాలి. మామూలుగా ఆర్కిటెక్టు; అప్పుడు 4లోని ఆదేశం ఆయనే ఇస్తారు. మిగతావారు ఆ మోడల్ నుంచి ‘అక్వైర్’ చేసుకోవాలి. ఇద్దరు వేర్వేరుగా సెట్ చేస్తే మొదటి క్లాష్ (ఒకదానిలో ఒకటి దూరిన చోట్లు వెతికే) మీటింగులో భవనం ఒకచోట, పైపులు ఇంకోచోట కనిపిస్తాయి.

5. ఈటాబ్స్, స్టాడ్‌తో సంబంధం

ఈటాబ్స్, స్టాడ్ లాంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లోని ఎనాలిసిస్ మోడల్ వేరు, బిమ్ మోడల్ వేరు. ఒకదాంట్లో మారిస్తే రెండోదాంట్లో దానంతటదే మారాలని ఆశపడి చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. ఎనాలిసిస్‌లో బీమ్ అంటే మధ్యగీత. బిమ్‌లో అది కాలమ్ బయటి ముఖానికి సమంగా ఉండే 230 మి.మీ. దిమ్మ. రెంటి మధ్య ఆఫ్‌సెట్ ఉంటుంది. స్టాడ్‌లో సెకండరీ బీమ్ కలిసే ప్రతి నోడ్ దగ్గర మెయిన్ బీమ్ ముక్కలవుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెస్తే 6 మీటర్ల బీమ్ మూడు బీమ్‌లుగా షెడ్యూల్‌లో పడుతుంది. తిరుగు దారిలో ఇంకో చిక్కు ఉంది. బిమ్‌లో 15 మి.మీ. జరిగిన బీమ్ ఎనాలిసిస్‌లో 15 మి.మీ. పొడవున్న కొత్త మెంబరుగా తయారై ఫలితాలను పాడుచేస్తుంది.

కాబట్టి దారి ఒకవైపే పెట్టండి. గ్రిడ్లు, లెవెళ్ళు, మొదటి సైజులు ఈటాబ్స్ నుంచి సీఎస్ఐఎక్స్ రెవిట్ అనే ప్లగిన్ ద్వారా ఒక్కసారి తెచ్చుకోండి, లేదా చేత్తోనే కట్టుకోండి. స్టిల్ట్ ప్లస్ 5కు చేత్తో కట్టినా రెండు మూడు రోజుల పనే. ఆ తర్వాత ప్రతి శుక్రవారం రెంటి నుంచీ సెక్షన్ల జాబితా ఎక్సెల్‌లోకి తీసి, ఫ్లోరు పేరు, మెంబరు మార్కు ఆధారంగా పోల్చండి. ఈటాబ్స్‌లో 300×750, రెవిట్‌లో 300×600 ఉన్న కాలమ్ అప్పటికప్పుడు దొరుకుతుంది. అరగంట పని, దీన్ని ఎప్పుడూ మానకండి.

డిజైన్ ఊహలు కూడా మోడల్‌లో ఉండాలి. ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్‌లో అదనపు పారామీటర్లు చేసి బేసిక్ విండ్ స్పీడ్, టెరైన్ కేటగిరీ, కే4 విలువ, సేఫ్ బేరింగ్ కెపాసిటీ, కోడ్ ఏ సంవత్సరపుదో రాయండి. గాలి భారాల కోడ్ ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకు బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకు 50 మీటర్లు. 2015లో సవరించిన ఆ కోడ్ తూర్పు తీరానికి కే4 అనే తుపాను ప్రాముఖ్య గుణకాన్ని చేర్చింది: మామూలు భవనాలకు 1.00, పారిశ్రామిక నిర్మాణాలకు 1.15, తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన ఆసుపత్రుల్లాంటి వాటికి 1.30. మిగతా గుణకాలన్నీ 1 అనుకుంటే, కే4 1.00 నుంచి 1.30కి మారినప్పుడు గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1500 న్యూటన్ల నుంచి 2535కు పెరుగుతుంది, ఎందుకంటే వేగం వర్గమై కూర్చుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరు ఇది. కింది రెండు ఫ్లోర్లు క్లినిక్‌గా మారుస్తామని ఓనరు ఏడాది తర్వాత అడిగితే, ఏ కే4తో డిజైన్ చేశారో మోడల్ తెరిచిన ఎవరికైనా కనపడాలి.

6. మోడల్ కట్టే నియమాలు

కాలమ్‌ను ఫ్లోరు ఫ్లోరుకూ విడిగా పెట్టండి. ఫుటింగ్ నుంచి టెర్రస్ దాకా ఒకటే కాలమ్‌గా లాగితే చూడ్డానికి ఒకేలా ఉంటుంది గాని ఫ్లోరు వారీ కాంక్రీటు రాదు, పైన సైజు తగ్గించాలంటే మళ్ళీ కోయాలి. సంకెన్ స్లాబ్‌ను విడి ఫ్లోరుగా, కిందికి ఆఫ్‌సెట్ ఇచ్చి గీయండి. లిఫ్టు పిట్, సంప్, సెప్టిక్ ట్యాంకు మోడల్‌లో తప్పకుండా ఉండాలి. ఇరుకు ప్లాట్లలో సంప్ గోడ పక్క కాలమ్ ఫుటింగ్ మీదికి ఎక్కే కేసులు సైటులో ఎంత మామూలో మీకు తెలిసిందే.

అన్నింటికంటే ముఖ్యం జాయిన్ క్రమం. స్లాబు, బీమ్ ఒకదానిలో ఒకటి దూరి ఉంటే ఆ కాంక్రీటు రెండుసార్లు లెక్కకొస్తుంది. 230 మి.మీ. బీమ్, 125 మి.మీ. స్లాబు అయితే మీటరుకు 0.02875 ఘనపు మీటర్లు. ఫ్లోరుకు 400 మీటర్ల బీమ్ ఉంటే 11.5 ఘనపు మీటర్లు, 6 స్లాబులకు 69. ఆరేసి ఘనపు మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు పదకొండు పన్నెండు, లేని కాంక్రీటుకు! జాయిన్ జామెట్రీ అయిందో లేదో, ఎవరు ఎవరిని కోస్తున్నారో ఒక సెక్షన్ తీసి చూడండి. స్లాబు పూర్తి మందంతో నిండుగా పోవాలి, బీమ్ దాని కింది భాగమే లెక్కకు రావాలి, కాలమ్ బీమ్‌ను కోయాలి. టెంప్లేట్‌లో ఈ క్రమం రాసిపెట్టి, ఒక చిన్న గదికి చేత్తో లెక్క కట్టి షెడ్యూల్‌తో సరిచూసుకున్నాకే మిగతాది నమ్మండి.

వార్నింగుల జాబితా వారానికోసారి తెరవండి. ‘ఒకేచోట ఒకేలాంటి రెండు ఎలిమెంట్లు’ అన్న హెచ్చరికను ఆ రోజే తీసేయాలి. కాపీ చేసినప్పుడు కాలమ్ మీద కాలమ్ పడితే కంటికి ఒకటే, లెక్కలో రెండు.

7. రీబార్: ఎక్కడ చేయాలి, ఎక్కడ వద్దు

భవనం మొత్తానికి కడ్డీలు మోడల్ చేయడం మొదటి ఏడాది వద్దు. ఫైలు బరువెక్కుతుంది, ప్రతి సైజు మార్పుకూ గంటలు పోతాయి. కడ్డీలు ఇరుక్కునే చోట్లు మాత్రం చేయండి: బయటి ఫ్రేము బీమ్-కాలమ్ జంక్షన్, పైల్ క్యాప్, షియర్ వాల్ అంచు, ఫ్లోటింగ్ కాలమ్ ఉంటే దాని కింది బీమ్.

ఎందుకో ఒక్క జంక్షన్ చూస్తే తెలుస్తుంది. 230 మి.మీ. వెడల్పు కాలమ్‌లోకి 230 మి.మీ. బీమ్ సమంగా వచ్చి చేరుతోంది. రెంటికీ కవర్ 45. కాలమ్ టై (నిలువు కడ్డీలను చుట్టే రింగు) 8 మి.మీ., మూల కడ్డీ 16 మి.మీ. అంటే ముఖం నుంచి 53 నుంచి 69 మి.మీ. దాకా కాలమ్ కడ్డీ ఉంది. బీమ్ స్టిరప్ కూడా 8 మి.మీ., కాబట్టి బీమ్ మూల కడ్డీ కూడా సరిగ్గా 53 దగ్గరే మొదలవుతుంది. రెండూ ఒకే చోటు కోసం పోటీ. డ్రాయింగ్‌లో రెండు వేర్వేరు సెక్షన్లు కాబట్టి ఈ పోటీ ఎక్కడా కనపడదు. సైటులో బార్ బెండర్ బీమ్ కడ్డీని లోపలికి వంచుతాడు. లోపల మిగిలింది 230లోంచి రెండు వైపులా 69 పోగా 92 మి.మీ. పైన మూడు 20 మి.మీ. కడ్డీలు ఇచ్చి ఉంటే అవే 60 తింటాయి. మిగిలిన 32లో రెండు సందులు, ఒక్కోటి 16 మి.మీ. ఐఎస్ 456 ప్రకారం ఆ సందు కడ్డీ వ్యాసానికీ, కంకర గరిష్ఠ సైజుకు 5 కలిపిన దానికీ తక్కువ ఉండకూడదు. 20 మి.మీ. కంకరకు 25 కావాలి. కాంక్రీటు కిందికి దిగదు, వైబ్రేటరు సూది పట్టదు, సెంట్రింగ్ విప్పాక జంక్షన్ కింద తేనెపట్టులా కనిపిస్తుంది. ఉప్పుగాలి ఊళ్ళో తుప్పు అక్కడే మొదలవుతుంది. కాలమ్‌ను 300 మి.మీ. చేసి బీమ్‌ను దాని మధ్యకు తెస్తే అదే సందు 32 అవుతుంది. ఈ ఒక్క జంక్షన్‌ను త్రీడీలో ఆర్కిటెక్టుకు చూపించండి. ‘గోడలోంచి కాలమ్ బయటికి రాకూడదు’ అనే వాదన అక్కడితో చల్లబడుతుంది.

బార్ షేపులకు ఐఎస్ 2502 ఆకారాలు, టైలకు 135 డిగ్రీల హుక్కు పెట్టండి. కడ్డీ వంపు వ్యాసాలు టెంప్లేట్‌లో సరిచూడకపోతే కటింగ్ పొడవులన్నీ కొద్దికొద్దిగా తప్పుతాయి.

8. సైటు నుంచి ఫోను వచ్చినప్పుడు

కట్టుబాటుకు అసలు పరీక్ష ఇది. ‘సార్, రేపు పొద్దున కాస్టింగు, ప్లంబరు ఇక్కడ 300×300 కటౌట్ అడుగుతున్నాడు.’ పీడీఎఫ్ మీద ఎర్రగీత గీసి వాట్సాప్‌లో పంపడం రెండు నిమిషాల పని. మోడల్‌లో ఆ కటౌట్ ఎప్పటికీ పడదు. పై ఫ్లోరు డ్రాయింగ్ వెళ్ళేటప్పుడు అందులోనూ ఉండదు.

మోడల్ తెరిచి కటౌట్ పెట్టి, చుట్టూ అదనపు కడ్డీలు రాసి, రివిజన్ క్లౌడ్ వేసి, షీటుకు రివిజన్ నంబరు పెంచి, సింక్ చేసి, పీడీఎఫ్ పంపండి. అలవాటయ్యాక పది, పదిహేను నిమిషాలు. నిజంగా వీల్లేని రాత్రి ఎర్రగీతే పంపాల్సి వస్తే, దాని ఫొటోను ‘మోడల్‌లో ఎక్కించాలి’ అన్న ఫోల్డరులో వేసి మర్నాడు పొద్దున మొదటి పనిగా చేయండి. ఆ ఫోల్డరులో మూడు ఫొటోల కంటే ఎక్కువ పోగైతే కొత్త షీటు ఏదీ బయటికి వెళ్ళకూడదు.

కాంట్రాక్టరుకు, ఆర్కిటెక్టుకు డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ ఫైలు) ఇవ్వక తప్పదు. ఎగుమతి సెట్టింగులో లేయర్ల పేర్లు ఒకసారి కుదుర్చుకోండి. ఇచ్చిన డీడబ్ల్యూజీని మీ ఆఫీసులో ఎవరూ తెరిచి దిద్దకూడదు.

9. ఇతరులతో మోడల్ కలపడం

అందరూ రెవిట్‌లో ఉంటే లింకులు చాలు. లేకపోతే ఐఎఫ్‌సీ, అంటే వేర్వేరు బిమ్ సాఫ్ట్‌వేర్లు చదవగల ఉమ్మడి ఫైలు రకం. 2×3 వెర్షనా, 4 వెర్షనా ముందే అడగండి, పంపేముందు వేరే వ్యూయరులో తెరిచి లెవెళ్ళు, స్థానం, మెటీరియల్ పేర్లు వచ్చాయో లేదో చూడండి. క్లాష్ పరీక్షకు నేవిస్‌వర్క్స్‌లో మేనేజ్ ఎడిషన్ కావాలి. మొదటిసారి అన్నింటినీ అన్నింటితో పోల్చితే వేల క్లాషులు వస్తాయి, చూసినవారు హడలిపోతారు. బీమ్‌లకూ 110 మి.మీ. డ్రైనేజీ పైపులకూ, స్లాబులకూ డక్టులకూ, ఇలా జంటలుగా నడపండి. టాలరెన్స్ 10 మి.మీ. పెట్టండి. పైపు బీమ్‌ను దాటాల్సి వస్తే స్లీవ్ ఎక్కడ పెట్టాలో ఇంజనీరే చెప్పాలి. సపోర్టు దగ్గర షియర్ ఎక్కువ కాబట్టి అక్కడ వద్దు. స్పాన్ మధ్య భాగంలో, లోతు మధ్యలో పెట్టించండి.

10. మనుషులు, బ్యాకప్, రెండో ప్రాజెక్టు

పదిహేనేళ్ళు ఆటోక్యాడ్‌లో పండిన డ్రాఫ్ట్స్‌మన్‌కు మొదటి నెల చెయ్యి నడవదు. తన వేగం చూసి తనకే చిన్నతనంగా ఉంటుంది. ఆ నెల అతని మీద వేరే ప్రాజెక్టు పెట్టకండి, గడువు పెట్టకండి. డీటెయిలింగ్ గురించి అతనికి తెలిసినది కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడికి తెలియదు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టండి. ఇంజనీర్లు కూడా మోడల్ తెరిచి సెక్షన్ కోసి చూడగలగాలి. ప్రింటు తీసి ఇస్తేనే చూస్తాననే ఇంజనీరున్న ఆఫీసులో బిమ్ నిలవదు.

ప్రతి ఒక్కరూ రోజూ కొత్త లోకల్ కాపీతో మొదలుపెట్టాలి, సెంట్రల్ ఫైలును నేరుగా తెరవకూడదు. భోజనానికి లేచేముందు, సాయంత్రం వెళ్ళేముందు సింక్ చేయాలి. రాత్రికి సర్వరు నుంచి ఒక కాపీ బయటి డిస్కుకు, వారానికి ఒకటి ఊరికి దూరంగా ఉండే క్లౌడుకు వెళ్ళాలి; సింక్ ఫోల్డరు వద్దన్నది సెంట్రల్ ఫైలుకే, మూసేసిన బ్యాకప్ కాపీకి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక వచ్చిన రోజు అందరూ సింక్ చేసి బయటికొచ్చాక, సెంట్రల్ నుంచి డిటాచ్ చేసిన కాపీని, అన్ని షీట్ల పీడీఎఫ్‌లను, ఈటాబ్స్ ఫైళ్ళను క్లౌడుకు ఎక్కించి సర్వరు ప్లగ్ తీసేయండి.

మొదటి ప్రాజెక్టు టెర్రస్ స్లాబు డ్రాయింగ్ వెళ్ళాక ఒక పూర్తి రోజు కేటాయించి, షీట్ల మీద పడిన రివిజన్లన్నీ ముందేసుకుని కూర్చోండి. టెంప్లేట్‌లో ఉంటే రాకుండా ఉండే తప్పులేవో వేరుచేసి టెంప్లేట్‌లో దిద్దండి, దానికి కొత్త తేదీ పెట్టండి. రెండో ప్రాజెక్టు ఆ టెంప్లేట్‌తో, రెండో డ్రాఫ్ట్స్‌మన్‌తో మొదలవ్వాలి. బార్ బెండింగ్ షెడ్యూల్‌ను మోడల్ నుంచి తీయడం అప్పుడు, ఫుటింగులతో మొదలుపెట్టండి.